ఫౌజీ, మాస్టారు, చర్చి పెద్ద: సికింద్రాబాద్‌లో ఈ మూడూ ఒకే మనిషికి ఎలా కుదురుతున్నాయి?

క్లుప్తంగా: సైన్యం మనిషిని నలభై దాటీ దాటకుండానే పెన్షన్ ఇచ్చి ఇంటికి పంపుతుంది. కంటోన్మెంట్ చుట్టూ బడులు, చర్చిలు రెండు వందల ఏళ్లుగా పక్కపక్కనే ఉన్నాయి. పాఠం చెప్పే అలవాటు యూనిట్‌లోనే పడుతుంది. ‘మిలిటరీ మాస్టారు’ అనే మనిషి ఈ మూడింటి మధ్య నుంచి వచ్చినవాడు. నాలుగేళ్లకే చాలామందిని బయటికి పంపే అగ్నిపథ్ పథకం వచ్చాక వీటిలో మొదటిది మారిపోయింది, అందుకే ఈ లెక్క మళ్లీ చూడాల్సి వస్తోంది.

బొల్లారం, లోతుకుంట, అల్వాల్ వైపు చర్చి గేట్ల దగ్గర ఒక రకం ఫ్లెక్సీ తరచూ కనిపిస్తుంది. పైన ‘ప్రభువునందు నిద్రించారు’ అని ఉంటుంది, మధ్యలో కోటు వేసుకున్న పెద్దాయన ఫొటో, కింద మూడు వరసలు: మాజీ హవల్దార్, రిటైర్డ్ టీచర్, పాస్టరేట్ కమిటీ మాజీ సెక్రటరీ. జ్ఞాపకార్థ కూటం ఎప్పుడో, భోజనాలు ఎక్కడో ఆ కిందే రాస్తారు. ఇక్కడివాళ్లకు ఇందులో వింతేమీ లేదు. కొత్తగా వచ్చినవాళ్లకే లెక్క కుదరదు. రిటైరైన మనిషి మళ్లీ రిటైరవడమేంటి? యుద్ధం చూసొచ్చినాయన ఐదో తరగతికి ఎక్కాలు చెప్పడమేంటి, ఆదివారం కూర్చుని కానుకల లెక్క రాయడమేంటి?

ఆయన మంచితనం అని ఒక్క మాటలో తేల్చేయడం సులువు. మంచితనం ఉండొచ్చు, కాదనేదేం లేదు. కానీ ఒకే ఊళ్లో ఒకే తీరు జీవితాలు ఇన్ని కనబడుతున్నాయంటే వెనక ఏదో ఏర్పాటు ఉన్నట్టే.

నలభై దాటగానే రిటైర్‌మెంట్, అదీ పెన్షన్‌తో

తెలంగాణలో ప్రభుత్వ ఉద్యోగి 61 ఏళ్లకు రిటైరవుతాడు. సైన్యంలో అలా కుదరదు. కొండలెక్కేవాళ్లు, బరువులు మోసేవాళ్లు కావాలి కాబట్టి కింది ర్యాంకుల్లో మనుషుల్ని త్వరగా పంపించేస్తారు. 15 ఏళ్ల సర్వీసు నిండితే జవానుకు పెన్షన్ అర్హత వస్తుంది, ఆఫీసర్‌కైతే 20 ఏళ్లు. ప్రమోషన్ వస్తే ఇంకొన్నేళ్లు ఉంటారు, హవల్దార్ 24 ఏళ్ల దాకా, సుబేదార్లు ఇంకాస్త ఎక్కువ. త్రివిధ దళాల నుంచి ఏటా సుమారు 60 వేల మంది ఇలా బయటికొస్తున్నారు. వీళ్లలో ఎక్కువమందికి పిల్లలు ఇంకా స్కూల్లోనో ఇంటర్‌లోనో ఉంటారు.

ఉదాహరణకు ఒక లెక్క వేసుకుందాం. 1998లో 19 ఏళ్ల వయసులో ఒక కుర్రాడు చేరాడు, గోల్కొండ ఆర్టిలరీ సెంటర్‌లో ట్రైనింగ్ అయింది, మరుసటేడే కార్గిల్‌కి శతఘ్నుల వెంట వెళ్లాడు. హవల్దార్ అయ్యి 24 ఏళ్లు పూర్తి చేస్తే 2022లో ఇంటికొస్తాడు. అప్పటికి అతనికి 43. ఊళ్లో ‘పెన్షన్ వచ్చేశాడు’ అంటారు, ముసలాయన గురించి చెప్పినట్టే. మనిషి మాత్రం పొద్దున్నే ఐదు కిలోమీటర్లు పరిగెత్తి వచ్చి టీ పెట్టుకుంటుంటాడు.

చివరి జీతంలో సగం పెన్షన్‌గా వస్తుంది, దాని మీద డీఏ. కావాలంటే పెన్షన్‌లో సగం వరకు కమ్యూట్ చేసుకుని ముందే ఒక మొత్తంగా తీసుకోవచ్చు, ఆ కోత 15 ఏళ్ల తర్వాత పోతుంది. యాప్రాల్, కాప్రా, నేరేడ్‌మెట్ వైపు చాలా ఇళ్ల పునాదులు ఈ కమ్యుటేషన్ డబ్బుతో పడ్డవే. వైద్యానికి 2003 నుంచి మాజీ సైనికుల ఆరోగ్య పథకం ఈసీహెచ్ఎస్ ఉంది, సరుకులకు క్యాంటీన్ ఉంది. ఒకే ర్యాంకు, ఒకే సర్వీసు ఉన్నవాళ్లకు ఎప్పుడు రిటైరైనా ఒకే పెన్షన్ ఇవ్వాలన్న ఓఆర్ఓపీ 2014 జూలై 1 నుంచి వర్తిస్తోంది. పాతవాళ్లకు దాంతో బాగానే కలిసొచ్చింది.

మల్కాజిగిరి సందుల్లోని చిన్న ప్రైవేటు స్కూలు ఇచ్చే జీతంతో ఒక కుటుంబం గడవడం కష్టం. అదే జీతం పెన్షన్‌కు తోడైతే పర్లేదు, పిల్లాడి ట్యూషన్ ఫీజు వెళ్లిపోతుంది. అంటే అతను తక్కువ జీతానికి పాఠం చెప్పగలుగుతున్నాడంటే తేడా భరిస్తున్నది రక్షణ శాఖ పెన్షన్ ఖాతా. స్కూలు యాజమాన్యాలు దీన్ని పైకి ఒప్పుకోకపోవచ్చు గానీ, ‘మిలిటరీవాళ్లయితే జీతం గురించి పెద్దగా గొడవపెట్టరు’ అన్న మాట స్టాఫ్ రూముల్లో తెలియనిదేం కాదు.

అందరూ టీచర్లే అవుతారనుకుంటే పొరపాటు. మాజీ సైనికుల్లో చాలామంది వెళ్లేది సెక్యూరిటీలోకే: బ్యాంక్ గార్డు, ఐటీ కంపెనీ గేటు, గేటెడ్ కమ్యూనిటీ సూపర్‌వైజర్. కేంద్ర ప్రభుత్వంలో గ్రూప్ సి ఉద్యోగాల్లో 10 శాతం కోటా ఉంది, కొందరు అటు పోతారు. బడి దారి పట్టేది తక్కువమందే. ఆ తక్కువమందిని బడి వైపు తిప్పేదేమిటో తెలియాలంటే ఈ ఊరి పుట్టుక దగ్గరికి వెళ్లాలి.

బ్యారక్ పక్కన చర్చి, చర్చి పక్కన బడి

1798లో నిజాం ఈస్టిండియా కంపెనీతో సైన్య సహకార ఒప్పందం చేసుకున్నాడు. కంపెనీ దండు హుస్సేన్ సాగర్ అవతల దిగింది. 1806లో ఆ దండు ఊరికి సికిందర్ జా పేరు మీద సికింద్రాబాద్ అని పేరొచ్చింది. అంటే ఇది బజారు చుట్టూనో కోట చుట్టూనో పెరిగిన ఊరు కాదు, పటాలం చుట్టూ పెరిగింది. పటాలం ఉంటే దాని వెనకే పాద్రీ వస్తాడు. సెయింట్ జాన్స్ చర్చి 1813 నాటిది. బొల్లారంలోని హోలీ ట్రినిటీ చర్చి 1847లో విక్టోరియా రాణి సొంత డబ్బుతో కట్టింది. ఎలిజబెత్ రాణి 1983 నవంబర్ 20న తన పెళ్లిరోజున అక్కడ ప్రార్థనకు వచ్చింది. తిరుమలగిరిలో ఆల్ సెయింట్స్ 1860లో లేచింది. ఇవన్నీ మొదట తెల్ల సిపాయిల కోసం కట్టినవే, తెలుగువాళ్ల కోసం కాదు.

మిలిటరీ చర్చి నుంచి ఊళ్లలోకి దారి వేసినవాళ్లలో ముఖ్యుడు చార్లెస్ వాకర్ పాస్నెట్. 1895లో సికింద్రాబాద్ వచ్చి మొదట తిరుమలగిరిలో బ్రిటిష్ సైనికుల మధ్యే పనిచేశాడు, తృప్తి కలగక మెదక్ వెళ్లాడు. కరువు రోజుల్లో కూలి బదులు తిండి పెట్టి పని చేయించి కట్టిన మెదక్ కెథడ్రల్ 1924 డిసెంబర్ 25న తెరుచుకుంది. ఆయన మిషన్ చర్చి కట్టిన చోటల్లా బడి, ఆస్పత్రి వెంట వచ్చాయి. 1947 సెప్టెంబర్ 27న చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా (సీఎస్ఐ) ఏర్పడ్డాక ఈ చర్చిలు, బడులు చాలావరకు మెదక్ డయోసిస్ గొడుగు కిందికి చేరాయి. తెలంగాణలో చదువుకున్న మొదటి తరం దళిత క్రైస్తవ కుటుంబాల్లో చాలావాటికి ‘మిషన్ బడి’ గుర్తుండేది ఇందుకే.

సైన్యం, చర్చి, చదువు ఒక్క మనిషిలో కలవడం ఇంకా పాత కథ. 1789 ప్రాంతంలో ఆండ్రూ బెల్ అనే ఆర్మీ చాప్లిన్ మద్రాసు ఎగ్మోర్‌లో యూరోపియన్ సైనికుల అనాథ మగపిల్లల ఆశ్రమం చూసుకునేవాడు. టీచర్లు సరిపోవట్లేదు. ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దుతున్న దేశీ వీధి బడి పిల్లల్ని చూసి, పెద్ద పిల్లలతో చిన్న పిల్లలకు చెప్పించే పద్ధతి పెట్టాడు. అదే ‘మద్రాస్ సిస్టమ్’ పేరుతో ఇంగ్లండ్‌కు ఎగుమతైంది. మన అరుగు బడి అక్కడి బీదపిల్లల చదువుకు నమూనా అయిందన్న సంగతి మన పాఠ్యపుస్తకాల్లో మాత్రం పెద్దగా కనిపించదు.

ఇంకో చిన్న ముచ్చట. ఉత్తరాదిలో ఒకప్పుడు కంపెనీ సిపాయిని ‘తిలంగా’ అనేవాళ్లు. తొలినాటి కంపెనీ సిపాయిలు తెలుగు ప్రాంతం నుంచి ఎక్కువగా చేరడం వల్ల వచ్చిన పేరది. తర్వాత, 19వ శతాబ్దం చివర్లో, కొన్ని జాతులే యుద్ధానికి పనికొస్తాయనే ‘యుద్ధ జాతుల’ సిద్ధాంతం పేరు చెప్పి మద్రాసు వైపు భర్తీ బాగా తగ్గించేశారు. తెలుగువాళ్లకు సైన్యంతో బంధం కొత్తదనుకునేవాళ్లకు ఆ పాత పేరే జవాబు.

స్వాతంత్ర్యం తర్వాత పటాలాల బడులు ఏమయ్యాయి? 1963లో 20 రెజిమెంటల్ స్కూళ్లను కేంద్రం తీసుకుని సెంట్రల్ స్కూళ్లుగా మార్చింది, అవే నేటి కేంద్రీయ విద్యాలయాలకు మొదలు. 1983లో ఆర్మీ వెల్ఫేర్ ఎడ్యుకేషన్ సొసైటీ ఏర్పడి ఆర్మీ పబ్లిక్ స్కూళ్లు నడుపుతోంది. బొల్లారం, ఆర్కే పురం, గోల్కొండల్లో అవి ఉన్నాయి. ఈ స్కూళ్లలో పాఠాలు చెప్పే ఆడవాళ్లలో సైనికుల భార్యలు ఉండటం మామూలే. బదిలీల మధ్య చేసుకోగలిగే ఉద్యోగం అదొక్కటే కాబట్టి చాలా ఫౌజీ ఇళ్లలో బీఈడీ ముందు భార్యకే ఉంటుంది. భర్త పెన్షన్ వచ్చేసరికి ఇంట్లో లెసన్ ప్లాన్, పేపర్ల కట్ట, ప్రోగ్రెస్ కార్డులు అన్నీ రోజూ చూసినవే. ఫలానా మాజీ సైనికుడు టీచరెందుకయ్యాడంటే జవాబు కొన్నిసార్లు అతని రెజిమెంట్‌లో కాదు, వంటింటి పక్క గదిలో దొరుకుతుంది.

క్యాంటీన్, మిలిటరీ ఆస్పత్రి, ఈసీహెచ్ఎస్ పాలీక్లినిక్ దగ్గరగా ఉంటాయని సైనిక్‌పురి, సఫిల్‌గూడ, యాప్రాల్‌లలో ఇల్లు కట్టుకున్నవాళ్లలో శ్రీకాకుళం, గుంటూరు వాళ్లుంటారు, తమిళులు, మలయాళీలు కూడా ఉంటారు. సొంతూరికి పోకుండా ఇక్కడ ఆగిపోయినవాళ్లకు బంధువులుండరు. ఆ లోటు తీర్చేది కాలనీ అసోసియేషన్, గుడి, లేదా చర్చి.

ఉస్తాద్ అంటే ఎవరు

సైన్యంలో ట్రైనింగ్ ఇచ్చే కింది ర్యాంకుల లీడర్, అంటే ఎన్‌సీఓని ‘ఉస్తాద్’ అంటారు. హవల్దార్, నాయక్ ర్యాంకుల్లో ఉన్నవాడు సర్వీసులో ఎప్పుడో ఒకప్పుడు కొత్త కుర్రాళ్లకు ఆయుధమో డ్రిల్లో మ్యాప్ రీడింగో నేర్పించే ఉంటాడు. అక్కడి పద్ధతి తేటగా ఉంటుంది: ముందు నమూనా చేసి చూపించు, తర్వాత విడదీసి బయాన్ (వివరణ) చెప్పు, లెక్కపెడుతూ చేయించు, చివరికి తప్పు పోయేదాకా మళ్లీ మళ్లీ చేయించు. నేర్చుకునేవాడికి భాష సరిగా రాకపోయినా పని జరిగేలా తయారైన పద్ధతి ఇది. ఒకే ప్లాటూన్‌లో తెలుగు, తమిళం, గోర్ఖాలీ, పంజాబీ కుర్రాళ్లుంటే ఇంకో దారి కూడా లేదు.

చదువు చెప్పే విభాగమే వేరుగా ఉంది, ఆర్మీ ఎడ్యుకేషనల్ కోర్. 1921లో మొదలైన ఈ కోర్‌లోకి డిగ్రీ ఉన్నవాళ్లను హవల్దార్ ఎడ్యుకేషన్‌గా తీసుకుంటారు. ప్రమోషన్ కావాలంటే చదువు పరీక్షలు పాసవ్వాలి, కాబట్టి ప్రతి యూనిట్‌లో సాయంత్రం క్లాసులు నడుస్తాయి. పదో తరగతితో చేరినవాడు అక్కడే హిందీ, కాస్త ఇంగ్లిష్, లెక్కలు పట్టుకుంటాడు. సైన్యంలో చదువుకున్నవాడికి చదువు ఆలస్యంగా వచ్చినా వస్తుందని స్వయంగా తెలుసు. వెనకబడ్డ పిల్లలతో ఓపిక పట్టడానికి ఈ అనుభవం పనికొస్తుంది.

మరి ఇదంతా సివిల్ క్లాస్‌రూమ్‌లో పనిచేస్తుందా? కొంత చేస్తుంది, కొంత బెడిసికొడుతుంది. ఎక్కాలు, చేతిరాత, ల్యాబ్ జాగ్రత్తలు, ఆటల కోచింగ్ లాంటి చేసి నేర్చుకునే వాటిలో ఉస్తాద్ పద్ధతి దిట్ట. ‘ఎందుకు సార్?’ అని పిల్లలు అడగాల్సిన చోట ఇబ్బంది మొదలవుతుంది. డ్రిల్ మైదానంలో ఎందుకని అడిగితే గ్రౌండ్ చుట్టూ రౌండ్లు పడతాయి, సైన్స్ క్లాసులో అదే ప్రశ్న పాఠానికి మొదలు. ఇంకో తేడా శిక్ష. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టడాన్ని, మానసికంగా వేధించడాన్ని నిషేధించింది. రైఫిల్ నెత్తిన పెట్టి పరిగెత్తించిన చోటు నుంచి వచ్చినవాడికి గోడకుర్చీ వేయించడం కూడా చట్టం దగ్గర తేడా కొడుతుందన్నది కొత్త పాఠమే. మిలిటరీ సార్ అంటే క్రమశిక్షణ అని ఆశపడి చేర్పించే తల్లిదండ్రులూ ఉన్నారు, ఆ ఒత్తిడి సార్ మీదే పడుతుంది.

అర్హత కాగితాల దగ్గర

2010 ఆగస్టు 23 నాటి జాతీయ టీచర్ విద్యా మండలి ఎన్‌సీటీఈ నోటిఫికేషన్‌తో ఒకటి నుంచి ఎనిమిది తరగతులకు చెప్పేవాళ్లకు డీఈడీ లేదా బీఈడీ, దానితో పాటు టీచర్ అర్హత పరీక్ష టెట్ తప్పనిసరి అయ్యాయి. అంతకుముందు డిస్చార్జ్ బుక్ చూపించి, ‘క్యారెక్టర్: ఎగ్జెంప్లరీ’ అని ఉంటే చేరిపోగలిగినవాళ్లకు ఇప్పుడు తలుపు అంత సులువుగా తెరుచుకోదు. 15 ఏళ్ల సర్వీసున్న మెట్రిక్యులేట్ మాజీ సైనికుణ్ని డిగ్రీ అడిగే కొన్ని గ్రూప్ సి పోస్టులకు అర్హుడిగా చూడొచ్చని కేంద్రం నిబంధన ఉంది. బీఈడీ సీటుకు అది చెల్లదు, అక్కడ నిజమైన డిగ్రీ, మార్కుల శాతం కావాలి. ఇక్కడే చాలామంది కన్‌ఫ్యూజ్ అవుతారు.

హైదరాబాద్‌కు ఈ విషయంలో ఒక సౌకర్యం ముందే ఉంది. 1982లో దేశంలో మొదటి ఓపెన్ యూనివర్సిటీ ఇక్కడే పెట్టారు, ఇప్పుడది డాక్టర్ బీఆర్ అంబేడ్కర్ ఓపెన్ యూనివర్సిటీ. పోస్టింగ్ ఎక్కడున్నా సెలవుల్లో పరీక్షలు రాసి డిగ్రీ తెచ్చుకున్న జవాన్లకు ఇలాంటి చోట్లే ఆధారం. కానీ బీఈడీకి రెండేళ్లు రోజూ కాలేజీకి పోవాలి, దూరవిద్యలో బీఈడీ ఇప్పటికే టీచర్లుగా ఉన్నవాళ్లకో, కాలేజీలో వేరే టీచర్ ట్రైనింగ్ కోర్సు చేసినవాళ్లకో మాత్రమే. 43 ఏళ్లప్పుడు ఇరవై రెండేళ్ల పిల్లల పక్కన బెంచీ మీద కూర్చోవడానికి అందరికీ మనసొప్పదు. ఒప్పినవాళ్లు పూర్తి టీచర్లవుతారు. ఒప్పనివాళ్లు పీటీ సార్, డిసిప్లిన్ ఇన్‌చార్జ్, హాస్టల్ వార్డెన్, ట్రాన్స్‌పోర్ట్ ఇన్‌చార్జ్ పేర్లతో బళ్లో ఉంటారు. రెగ్యులర్ పీఈటీకి కూడా వ్యాయామ విద్యలో వేరే డిప్లొమా కావాలి, సైన్యంలో పీటీ చేయించిన అనుభవం దానికి బదులు కాదు.

మైనారిటీ సంస్థల స్కూళ్ల సంగతి వేరు. 2014లో సుప్రీంకోర్టు వాటిని విద్యాహక్కు చట్టం పరిధి నుంచి తప్పించింది. చర్చి స్కూళ్లలో మాజీ సైనికులకు చోటు దొరకడానికి ఈ వెసులుబాటు కూడా ఒక కారణమై ఉండొచ్చు, పరిచయాలు ఎలాగూ ఉంటాయి. 2025 సెప్టెంబర్ 1న సుప్రీంకోర్టు సర్వీసులో ఉన్న టీచర్లకూ టెట్ తప్పనిసరి అంటూ తీర్పిచ్చి, మైనారిటీ స్కూళ్ల ప్రశ్నను మాత్రం విస్తృత ధర్మాసనానికి పంపింది. ఆ వెసులుబాటు ఇలాగే ఎంతకాలం ఉంటుందో అక్కడ తేలాలి.

చర్చికి ఫౌజీతో పనేంటి

సీఎస్ఐ లాంటి చర్చిల్లో గురువుకు కొన్నేళ్లకోసారి ట్రాన్స్‌ఫర్ ఉంటుంది. పాస్టర్ మారతాడు, సంఘం మారదు. బిల్డింగ్ రిపేరు, కరెంటు బిల్లు, సమాధుల తోట రిజిస్టర్, కోత పండుగ వేలంలో వచ్చిన డబ్బు, వేసవి బైబిల్ బడి (వీబీఎస్) పిల్లలకు బిస్కెట్లు, క్రిస్మస్ కేరల్స్‌కు వ్యాను, ఇవన్నీ చూసేది జీతం లేని పాస్టరేట్ కమిటీ. ఆ పనికి మూడు లక్షణాలు కావాలి: పగలు తీరిక ఉండాలి, లెక్క రాయడం రావాలి, నలుగురు మాట వినాలి. పెన్షన్ మీదున్న మాజీ హవల్దార్‌కు మూడూ ఉంటాయి. యూనిట్‌లో స్టోర్ లెడ్జర్ రాసి, ఆడిట్‌కు ప్రతి దుప్పటీ చూపించినవాడికి కానుకల సంచి లెక్క పెద్ద విషయం కాదు. కుర్చీలు వేయించడం, అన్నం వండించడం, మూడొందల మందిని బంతుల్లో కూర్చోబెట్టడం? యూనిట్ మొత్తానికి పెట్టే బడా ఖానా విందులు చేసొచ్చినవాడికి అవి చేతిలో పని.

ఆదివారం బడి ఇంకో దారి. 1780లో ఇంగ్లండ్‌లోని గ్లాస్టర్‌లో రాబర్ట్ రైక్స్ మొదలుపెట్టినప్పుడు సండే స్కూల్ అంటే వారమంతా పనిచేసే పిల్లలకు ఆదివారం చదవడం, రాయడం నేర్పే బడి. తర్వాత అది బైబిల్ పాఠాలకు పరిమితమైంది. మన దగ్గర బస్తీ చర్చిల్లో ఆ పాత రూపం పూర్తిగా పోలేదు. కంఠత వాక్యాలతో పాటు తెలుగు చదవడం, ఇంగ్లిష్ స్పెల్లింగులు కూడా జరుగుతుంటాయి. వారంలో ఆరు రోజులు స్కూల్లో చెప్పేవాడు ఏడో రోజు అదే పని ఇంకో గదిలో చేస్తాడు.

అలాగని సంఘాలన్నీ ఫౌజీని నెత్తిన పెట్టుకుంటాయని కాదు. కమిటీ ఎన్నికలు రాజకీయాలకేం తీసిపోవు. ఆర్డర్ వేసి పని చేయించే అలవాటున్నవాడు ఓటు అడగాల్సి వచ్చినప్పుడు తడబడతాడు. టైముకు ఆరాధన మొదలవ్వాలని పట్టుబడితే, మన ఊళ్లో అదొక్కటే చాలు గొడవకు. భక్త్ సింగ్ మొదలుపెట్టిన హెబ్రోను లాంటి సహవాసాల్లో, స్వతంత్ర పెంతెకొస్తు సంఘాల్లో నడిచే తీరు వేరు. కొన్నిచోట్ల జీతం లేని పెద్దలే సంఘాన్ని నడుపుతారు, కొన్నిచోట్ల అంతా పాస్టర్ చేతిలోనే ఉంటుంది. రెండో రకం చోట లెక్కలడిగే మాజీ సైనికుడు ఎక్కువకాలం ఇమడడు.

సైన్యంలో మతం ఎలా ఉంటుందో కూడా చూడాలి. యూనిట్లలో పండిట్, గ్రంథి, మౌల్వీ, పాద్రీ వంటి మతగురువులను జేసీఓ (జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్) ర్యాంకులో నియమిస్తారు, చాలాచోట్ల సర్వధర్మ స్థల్ పేరుతో ఒకే కప్పు కింద అందరి ప్రార్థనలు జరుగుతాయి. ఇరవై ఏళ్లు అలా గడిపినవాడికి పక్కవాడి పండుగ తన డ్యూటీలో భాగం. చర్చి స్కూల్లో హిందూ, ముస్లిం, క్రైస్తవ పిల్లలు కలిసి కూర్చునే సికింద్రాబాద్ లాంటి చోట ఈ అలవాటు బాగా పనికొస్తుంది.

యుద్ధం గురించి పిల్లలు అడిగితే

‘సార్, మీరు ఎంతమందిని చంపారు?’ మాజీ సైనికుడు టీచరైతే మొదటి వారంలోనే ఈ ప్రశ్న వస్తుంది. చాలామంది నవ్వి దాటేస్తారు. చలి గురించి, కంచర గాడిదల మీద మోసిన సామాను గురించి, ఇంటి నుంచి నెలకొచ్చే ఉత్తరం గురించి చెబుతారు, అసలు సంగతి మాత్రం ఎత్తరు. 1971లో ఇరవై ఏళ్లున్నవాళ్లు ఇప్పుడు డెబ్బై దాటేశారు. 1987 నుంచి 1990 వరకు శ్రీలంకలో ఉన్న భారత శాంతి సేన (ఐపీకేఎఫ్) వాళ్లకైతే ఏ విజయోత్సవమూ లేదు, వాళ్ల కథ అడిగేవాళ్లూ తక్కువ.

యుద్ధం మనసు మీద వేసే దెబ్బకు వైద్య పుస్తకాల్లో పీటీఎస్‌డీ అన్న పేరు వచ్చింది 1980లో, అదీ వియత్నాం నుంచి తిరిగొచ్చిన అమెరికన్ల వల్ల. మన దగ్గర ఆ మాట ఇంట్లో వాడరు. ‘కోపం ఎక్కువ’, ‘నిద్ర పట్టదు’, ‘మందు అలవాటైంది’ అంటారు. బడి, చర్చి దీనికి వైద్యం కాదు, అలా అనుకుంటే ప్రమాదం కూడా. అవి ఇచ్చేది వేరే: పొద్దున లేవడానికి ఒక టైము, వేసుకోవడానికి ఇస్త్రీ చొక్కా, పిలవడానికి ‘సార్’ అన్న పదం. ర్యాంకు పోయిన మనిషికి ఆ పదం చిన్నదేం కాదు. యూనిఫాం తీసేసిన మొదటి ఏడాదే చాలామందికి కష్టమని మాజీ సైనికుల ఇళ్లలో చెబుతుంటారు, ఎందుకంటే ఇంట్లో అందరికీ ఎవరి పని వాళ్లకుంది, ఈయనకే రోల్ కాల్ లేదు.

అమెరికాలో వేరే దారి

పోలిక చూస్తే తేడా తేటపడుతుంది. 1944 జూన్ 22న అమెరికా జీఐ బిల్ తెచ్చింది. తిరిగొచ్చిన సైనికుడి కాలేజీ ఫీజు, నెల ఖర్చు ప్రభుత్వమే భరించింది. 1956లో ఆ పథకం ముగిసేసరికి దాదాపు 78 లక్షల మంది చదువో శిక్షణో పొందారు, అందులో సుమారు 22 లక్షల మంది కాలేజీలకు వెళ్లారు. అక్కడ యుద్ధం చూసిన తరం నుంచి టీచర్లు, హెడ్‌మాస్టర్లు, చర్చి డీకన్లు అంతమంది వచ్చారంటే దాని వెనక ఈ ఫీజు చెక్కు ఉంది. అందులోనూ వివక్ష ఉంది, దక్షిణాది రాష్ట్రాల్లో నల్లజాతి సైనికులకు ఆ లబ్ధి సరిగా అందలేదు.

రెండో ప్రపంచ యుద్ధంలో భారత సైన్యం దాదాపు 25 లక్షలకు చేరింది. వాళ్లు ఇంటికొచ్చినప్పుడు అంత పెద్ద చదువు పథకమేదీ ఎదురురాలేదు. మన ఏర్పాటు మొదటినుంచీ పెన్షన్ చుట్టూ తిరిగింది: చదివించి కొత్త వృత్తిలో పెట్టడం అక్కడి పద్ధతి, పూర్తి సర్వీసు చేసినవాడికి జీవితాంతం కొంత డబ్బిచ్చి మిగతాది అతనికే వదిలేయడం మనది. అమెరికాలో సైనికుడు పూర్తి అర్హతతో టీచరయ్యాడు, మన దగ్గర పెన్షనర్‌గా మారి తర్వాత టీచరయ్యాడు. స్వచ్ఛంద సేవకు తీరిక మాత్రం మన పద్ధతిలోనే ఎక్కువ మిగిలింది.

2026 చివర నుంచి మారేదేంటి

అగ్నిపథ్‌ను 2022 జూన్ 14న ప్రకటించారు. మూడు రోజులకు, జూన్ 17న, సికింద్రాబాద్ రైల్వే స్టేషన్‌లో రైళ్లు తగలబడ్డాయి, కాల్పుల్లో ఒక యువకుడు చనిపోయాడు. ఈ ఊరికి ఆ పథకం అలా పరిచయమైంది. నాలుగేళ్ల సర్వీసు, తర్వాత 25 శాతం వరకే కొనసాగింపు. మిగతావాళ్లకు వడ్డీతో కలిపి సుమారు 11.71 లక్షల సేవా నిధి ఇస్తారు, పెన్షన్ ఉండదు. 2023 జనవరి ప్రాంతంలో ట్రైనింగ్ మొదలుపెట్టిన మొదటి బ్యాచ్ 2026 చివర, 2027 మొదట్లో బయటికి వస్తుంది.

పాత హవల్దార్ 43 ఏళ్లకు వచ్చాడు, అగ్నివీర్ సాధారణంగా 22, 25 మధ్య వస్తాడు. చేతిలో డబ్బు ఒక్కసారే పడుతుంది, నెలనెలా రాదు. కాబట్టి తక్కువ జీతానికి పాఠం చెప్పే స్థోమత అతనికి ఉండదు, పగలు తీరికా ఉండదు. అతనికున్నది వయసు. పదో తరగతితో చేరినవాళ్లకు ఇంటర్ సమాన సర్టిఫికెట్ వచ్చేలా జాతీయ ఓపెన్ స్కూల్ సంస్థ ఎన్ఐఓఎస్‌తో, సర్వీసులో నేర్చుకున్న నైపుణ్యానికి సగం క్రెడిట్లు కలిపి డిగ్రీ ఇచ్చేలా ఇగ్నోతో ఏర్పాటు చేశారు. ఆ డిగ్రీతో బయటికొచ్చి సేవా నిధిలో కొంత ఖర్చుపెట్టి బీఈడీ చేస్తే, 27 ఏళ్లకే టెట్ రాసి డీఎస్సీకి పోటీ పడగలడు. పీటీ సార్‌గా సర్దుకోవాల్సిన అవసరం లేకుండా నేరుగా సోషల్ టీచరో లెక్కల టీచరో కావచ్చు. 43 ఏళ్లవాడికి కష్టంగా తెరుచుకునే తలుపు అతనికి తెరిచే ఉంది.

ఎంతమంది ఆ దారి పడతారన్నది వేరే సంగతి. చేతిలో 11 లక్షలు పడగానే ఇంట్లో ముందు లెక్కకొచ్చేవి చెల్లి పెళ్లి, పాత అప్పు, సగం కట్టిన ఇల్లు. రెండేళ్లు జీతం లేకుండా కాలేజీకి పోతానంటే ఒప్పుకునే ఇళ్లు ఎన్నో చూడాలి. సెక్యూరిటీ కంపెనీలు, పోలీసు, కేంద్ర బలగాల కోటాలు వెంటనే జీతం చూపిస్తాయి.

చర్చిల వైపు దీని ప్రభావం నెమ్మదిగా కనబడుతుంది. ఇప్పుడు కమిటీల్లో ఉన్న పెన్షనర్లు ఇంకో పదిహేను, ఇరవై ఏళ్లుంటారు, పాత పద్ధతిలో చేరినవాళ్లు 2040 దాటాక కూడా పెన్షన్ వస్తూనే ఉంటారు. ఆ తర్వాత కమిటీకి మనిషి కావాలంటే, అతను వారంలో ఏ రోజు ఖాళీ అన్నదాని మీదే ఆధారపడుతుంది. సెక్యూరిటీ డ్యూటీలో వీక్లీ ఆఫ్ రోస్టర్ ప్రకారం పడుతుంది, అది మంగళవారం కావచ్చు, గురువారం కావచ్చు. స్కూలుకైతే సెలవు ఆదివారమే.